గడ్డి మాస్టారి ఇల్లాలు

ఇల్లు వదిలి వెళ్లిపోతానని చిట్టి తన భర్తతో చెప్పిన పూటే పశువుల డాక్టరు వచ్చి వాళ్ల గేటుకు అడ్డంగా గొలుసు వేసి పోయాడు.

ఆ పొద్దున ముగ్గురూ వంటింట్లోనే ఉన్నారు. అత్తగారు పొయ్యి పక్కన పీట వేసుకుని, తల్లి వదిలేసిన గొర్రెపిల్లకు సీసాతో పాలు పడుతోంది. భర్త గుమ్మంలో కూర్చుని బూట్లకు అంటిన బురదను పుల్లతో గీకుతున్నాడు. చిట్టి గ్లాసులు కడిగి బోర్లించి, చేతులు తుడుచుకుంది.

"అక్క దగ్గరికి వెళ్తున్నానండీ" అంది.

"సరే. మందని మడి మార్చే వేళకి వచ్చెయ్" అన్నాడు తలెత్తకుండా.

"రాను. ఇక అక్కడే ఉంటాను."

పుల్ల ఆగింది. అతను ఆమె వైపు చూశాడు, తర్వాత తల్లి వైపు చూశాడు. అత్తగారు సీసా కాస్త వంచింది. పిల్ల గుటకలు వేస్తూ తాగుతూనే ఉంది.

"ఇప్పుడేమైందని?" అన్నాడు చివరికి.

చిట్టికి నవ్వొచ్చింది. ఏమీ కాలేదు. ఏదైనా అయ్యుంటే చెప్పడం తేలికయ్యేది.

అతన్ని ఆ చుట్టుపక్కల అందరూ గడ్డి మాస్టారంటారు. ఏ బడిలోనూ పాఠం చెప్పినవాడు కాదు. కానీ దారినపోయే మనిషి దొరికితే చాలు, గడ్డి గురించి మొదలుపెడతాడు. ఎదుటివాడు సైకిలెక్కి రెండుసార్లు బెల్లు కొట్టినా వదలడు. తండ్రి నాటికి ఆ పొలం గొర్రెలు తొక్కీ తొక్కీ అరికాలిలా గట్టిపడి ఉండేది. ఇతను దాన్ని వల కంచెలతో మడులుగా విడగొట్టాడు. మంద ఒక మడి మేసి పక్క మడిలోకి పోవాలి. మేసిన మడిలో మళ్లీ గడ్డి జానెడు ఎదిగేదాకా ఒక్క డెక్క పడటానికి వీల్లేదు. పెంట పడిన చోటే ఎరువవుతుంది. బయటి నుంచి దాణా కొనడు, మందులు చల్లడు. నాలుగైదేళ్లకు నేల మెత్తబడింది. వాన పడితే నీళ్లు పరుగెత్తకుండా ఇంకిపోయేవి. ఎక్కడ గడ్డపార వేసినా వానపాములు కనిపించేవి. వాటిని అరచేతిలో పెట్టుకుని తెచ్చి భార్యకు చూపించేవాడు. అందులో చిట్టికీ సంతోషమే ఉండేది. అది అబద్ధం కాదు.

అయితే ఆ వల కంచెలు వాటంతటవి కదలవు. పొద్దున్నే ఊడబీకాలి, చుట్టాలి, భుజాన వేసుకుని పోవాలి, మళ్లీ పాతాలి. నీళ్ల తొట్టెలు మోయాలి. కుంటే గొర్రెను పడేసి డెక్కలు చెక్కాలి. ఈనే కాలంలో కడుపులో అడ్డం తిరిగిన పిల్లను సరిచేసి లాగాలి, దానికి చిట్టి చెయ్యే కావాలి. సన్నటి చెయ్యి అని మొదటి ఏడాది అందరూ మెచ్చుకున్నారు. ఆ మెప్పే మెడకు చుట్టుకుంది. అక్కకు ఆపరేషన్ అయితే ఒక పూట వెళ్లి, మంచం పక్కన కూర్చుని, గోడ మీది గడియారం చూసుకుంటూ వచ్చేసింది. పిల్లల్లేరా అని ఎవరైనా అడిగితే అత్తగారు దొడ్డి వైపు చెయ్యి చూపి, "అరుగో, లెక్కపెట్టుకోండి" అనేది. వచ్చినవాళ్లు నవ్వేవాళ్లు. చిట్టి కూడా నవ్వేది.

టౌనులో అక్కకు బట్టలు కుట్టే షాపు ఉంది. రెండు మిషన్లు. రెండోది ఎప్పటినుంచో గుడ్డ కప్పుకుని ఖాళీగా ఉంది. పెళ్లికి ముందు చిట్టి కుట్టింది దాని మీదే.

ఆమె సంచీ సర్దుకుని గేటు దగ్గరికి వచ్చేసరికి జీపు ఆగి ఉంది. పశువుల డాక్టరు కాళ్లకు ప్లాస్టిక్ తొడుగులు వేసుకుంటున్నాడు. గేటు అవతలే నిలబడి, "లోపలే ఉండండమ్మా" అన్నాడు. పక్క చేను పెద్దాయన మందకు గాలికుంటు సోకింది. నోళ్లలో పుళ్లు, డెక్కల మధ్య పుళ్లు. అంటుకుందంటే ఇక చుట్టుపక్కల ఏ దొడ్డీ మిగలదు.

"గొర్రెల్ని బయటికి పంపం సార్" అన్నాడు గడ్డి మాస్టారు.

"గొర్రెలే కాదు, మనుషులు కూడా కదలకూడదు. చెప్పులకి, బట్టలకి అంటుకుని పోతుంది."

"నేనిప్పుడే బయల్దేరుతున్నాను డాక్టరుగారూ. స్నానం కూడా చేశాను" అంది చిట్టి.

డాక్టరు ఆమె చీర వైపు చూశాడు. కుచ్చిళ్ల దగ్గర తెల్లటి ఉన్ని పోగులు రెండు మూడు అంటుకుని ఉన్నాయి. ఆమె వాటిని దులుపుకుంది.

"ఎక్కడికమ్మా వెళ్లేది?"

"మా అక్క ఇంటికి."

"ఆ వీధిలో ఎవరికైనా ఆవులు, మేకలు ఉన్నాయా?"

ఉన్నాయి. అక్క ఇంటి ఎదుటే ఒకావిడ రెండు ఆవులతో బతుకుతోంది. చిట్టి ఆ మాట చెప్పలేదు, కానీ మొహం దాచుకోలేకపోయింది. డాక్టరు జీపులోంచి గొలుసు తెచ్చాడు. గేటు ముందు మందు నీళ్ల తొట్టి పెట్టించాడు. రక్తం తీసి పరీక్ష చేస్తామనీ, ఏమీ లేదని తేలేదాకా ఇంతేననీ చెప్పాడు.

"తేలడానికి ఎన్నాళ్లు?"

"అదే చెప్పలేనమ్మా" అని జీపెక్కాడు.

చిట్టి సంచీతో వెనక్కి నడిచింది. ఇంటి దాకా ఆ దారి అంత పొడుగని అంతకుముందు ఎప్పుడూ అనిపించలేదు.

ఇల్లంటే రెండు గదులు, ఒక వంటిల్లు. ముందుగదిలో అత్తగారి మంచం, కంచె వలల చుట్టలు, ఉన్ని కత్తెరలు. వెనక గదిలో వీళ్ల మంచం. చిట్టి సంచీ విప్పలేదు. మంచం కింద పెట్టింది. అతను రోజూ దాని పక్కనే బూట్లు విప్పేవాడు, ఒక్కసారైనా దాని మాట ఎత్తలేదు. ఇద్దరూ పనులకు సంబంధించిన మాటలు మాత్రం మాట్లాడుకునేవాళ్లు. "మేకు ఇటివ్వు." "తొట్టి కారుతోంది." "ఆ మొండిచెవి గొర్రెని పట్టుకోండి." అంతకు మించి నోరు తెరిస్తే మాట ఎక్కడికి పోతుందోనని ఇద్దరికీ భయం.

అక్క సరుకులు తెచ్చి గేటు అవతల బుట్టలో పెట్టి పోయేది. మొదటిసారి వచ్చినప్పుడు గొలుసుకు అటూ ఇటూ నిలబడి అరుచుకుంటూ మాట్లాడుకున్నారు.

"ఏమే, చెప్పావా?"

"చెప్పాను."

"ఏమన్నాడు?"

"ఏమైందని అడిగాడు."

"అయ్యో రాత!" అని అక్క నెత్తి కొట్టుకుంది. "సరే, మిషన్‌కి నూనె వేయించాను. నువ్వు రావడమే తరువాయి."

అక్క వెళ్లిపోయాక కూడా చిట్టి చాలాసేపు అక్కడే గొలుసు పట్టుకుని నిలబడింది. ఎండకు ఇనుము కాలుతోంది.

ఆ రోజే ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. ఎలాగూ వెళ్లిపోయేదే కాబట్టి ఈలోగా తన పనులన్నీ అతనికి నేర్పెయ్యాలి. ఆ మాటే అతనితో చెప్పింది. అతను ఒంటికాలి మీద లేస్తాడనుకుంది, కానీ "నేర్పు" అన్నాడు.

గడ్డి గురించి అంత తెలిసిన మనిషికి గొర్రెపిల్లకు పాలు పట్టడం చేతకాలేదు. సీసా మరీ ఎత్తి పట్టేవాడు. పిల్లకు పొరపోయి ముక్కులోంచి పాలు వచ్చేవి. "మెడ చాచి తాగాలండీ, ఆకాశం చూస్తూ కాదు" అని అతని మణికట్టు పట్టుకుని దించేది. డెక్కలు చెక్కబోయి రెండుసార్లు నెత్తురు తెప్పించాడు. అత్తగారు గుమ్మంలోంచి చూస్తూ, "వాడి నాన్న కూడా ఇంతే. అన్నీ తెలుసు, చెయ్యడమే రాదు" అనేది. ఆవిడ మాటలో కోపం లేదు. ముప్పై ఏళ్లకు పైగా చెబుతూ చెబుతూ అరిగిపోయిన మాట అది.

ఈలోగా గడ్డి తరిగిపోయింది. మామూలు రోజుల్లో ఎండ ముదిరేసరికి మందను వాగు అవతలి అద్దె భూమికి తోలేవాళ్లు. ఇప్పుడు దారి లేదు. అమ్మడానికీ లేదు. ఉన్న మడుల్లోనే తిప్పాలి. జానెడు ఎదగాల్సిన గడ్డి బెత్తెడు కూడా లేకుండానే వంతు వచ్చేస్తోంది. అతను ప్రతి పూటా మోకాళ్ల మీద కూర్చుని గడ్డి మొదళ్లు వేళ్లతో తడిమేవాడు. అన్నం సగంలో వదిలి లేచేవాడు.

"ఒక్క మడిని వదిలేసుకుందాం" అంది చిట్టి ఒక రోజు.

"అంటే?"

"దొడ్డి పక్కదాన్ని. మందనంతా అందులోనే పెడదాం. అది పాడైపోతే పోనీ. మిగతావి దక్కుతాయి. కొమ్మలు కొట్టి ఆకు తెచ్చి వేద్దాం."

దొడ్డి పక్కదే అతను మొట్టమొదట బాగుచేసిన మడి. అతను దాని వైపు చూశాడు. తర్వాత లేచి కంచె మేకులు ఏరడం మొదలుపెట్టాడు.

తొట్టెల నీళ్లూ పెంటా కలిసి వారం తిరక్కుండా ఆ మడి బురదగుంట అయింది. ఇద్దరూ పొద్దుటి నుంచి గట్ల వెంట చెట్ల కొమ్మలు నరికి ఈడ్చుకొచ్చేవాళ్లు. గొర్రెలు ఆకు తిని, తిరిగి వల దగ్గరికి పోయి, కన్నాల్లోంచి మూతులు పెట్టి అవతలి పచ్చదనం వైపు చూస్తూ నిలబడేవి. అరిచేవి కూడా కావు. చిట్టి వాటి పక్కన నడవాల్సి వస్తే తల దించుకుని పోయేది. ఆ మాట చెప్పిందీ తనే, వాటిని అక్కడ పెట్టిందీ తనే.

తొలిచూలు గొర్రె ఒకటి ఆ బురదలోనే నొప్పులు మొదలెట్టింది. మిట్టమధ్యాహ్నం. దాన్ని పాకలోకి మోసుకొచ్చారు. చిట్టి చేతికి నూనె రాసుకోబోయి ఆగింది.

"మీరు చెయ్యండి."

"నా చెయ్యి పెద్దది."

"నేను లేనప్పుడు చిన్నదవుతుందా?"

అతను మోకాళ్ల మీద కూర్చున్నాడు. నూనె చేత్తో లోపల వెతుకుతూ, చెమటలు కారుతుంటే, "కాలు దొరికింది" అన్నాడు.

"ముందుదా వెనకదా?"

"తెలీదు."

"మోకాలు ఎటు వంగుతోంది?"

"తెలీట్లేదు చిట్టీ!"

గొర్రె మూలిగింది. ఆమె పళ్లు బిగబట్టి, పక్కనే కూర్చుని, కళ్లు మూసుకుని చెప్పింది. వదిలెయ్, వెనక్కి నెట్టు, తల వెతుకు, దవడ కింద వేలు పెట్టు. ఎన్నడూ లేనిది అతన్ని నువ్వు అంటున్నట్టు ఇద్దరిలో ఎవరూ గమనించలేదు. పిల్ల జారి గడ్డి మీద పడింది. అతను దాని మూతి తుడిచాడు, ముక్కులో ఊదాడు, వీపు రుద్దాడు. కదల్లేదు. అరగదీసినట్టు రుద్దుతూనే ఉన్నాడు. చిట్టి అతని చెయ్యి పట్టుకుని ఆపాల్సి వచ్చింది.

"నువ్వయితే బతికేది" అన్నాడు.

"బతికేదేమో. నాకూ చచ్చాయి. మీకు చెప్పలేదంతే."

"ఎందుకు చెప్పలేదు?"

ఆ ప్రశ్నకు ఆమె ఒళ్లు మండింది. "ఎప్పుడు చెప్పను? మీరు గడ్డి కొలుచుకుంటూ ఉంటారు. మేసిన మడికి ఇన్నాళ్లు ఊపిరి తీసుకోనివ్వాలని ఊరంతా పాఠం చెప్తారే, మీ అమ్మని చూశారా? నన్ను చూశారా? మా మీంచి ఒక్క పూటైనా కాలు తీశారా మీరు?"

అరిచాక ఆమెకే భయం వేసింది. అతను చేతులు కడుక్కోకుండానే బయటికి వెళ్లి, చచ్చిన పిల్లను పాతిపెట్టడానికి గుంట తవ్వాడు. కావలసిన దానికన్నా చాలా లోతుగా తవ్వాడు.

ఆ వారంలోనే డాక్టరు వచ్చాడు. వీళ్ల మంద శుభ్రంగానే ఉందట. కానీ మరో చోట జబ్బు బయటపడింది కాబట్టి గొలుసు ఇంకొన్నాళ్లు ఉండాలట. చెప్పి, తొట్టిలో మందు మార్చి వెళ్లిపోయాడు.

ఆ పూట చిట్టి కొమ్మలకని వాగు వైపు వెళ్లింది. అక్కడ కంచె నడుము ఎత్తే. కొడవలి పడేసి, చీర ఎత్తి కట్టి, దాటేసింది. చేతిలో సంచీ కూడా లేదు. గట్టు దిగి, పొదలు తప్పించుకుని, తారు రోడ్డెక్కింది. బస్సు ఒకటి దూరంగా వస్తోంది. చెయ్యి ఎత్తితే ఆగుతుంది.  ఇంతేనా, ఇంత తేలికా అనుకుంది.

రోడ్డుకు అటువైపు పక్క చేను పెద్దాయన కొట్టం ఉంది. ఆయన మందను జబ్బు పాకకుండా డాక్టరు మనుషులు ఒక్కటి మిగల్చకుండా తీసుకుపోయి, చంపి పాతిపెట్టారని విన్నది. ఇప్పుడు చూసింది. కొట్టం తలుపులు బార్లా తీసి ఉన్నాయి. లోపల సున్నం చల్లి ఉంది. పెద్దాయన గుమ్మం ముందు కుర్చీలో కూర్చుని, అలవాటు కొద్దీ చేతికర్ర మోకాళ్ల మీద పెట్టుకుని, ఖాళీ దొడ్డి వైపు చూస్తున్నాడు. ఆమెను చూసి గుర్తుపట్టి, "మీవి బాగున్నాయామ్మా?" అని అడిగాడు.

బస్సు వచ్చింది. ఆమె తన చెప్పులు చూసుకుంది. మడమల దాకా దొడ్డి బురద. అక్క ఎదురింటి ఆవిడ ఆవులు కళ్లముందు మెదిలాయి.

"బాగున్నాయి బాబాయ్" అని, వెనక్కి తిరిగింది.

గేటు వైపు నుంచే వచ్చింది. మందు తొట్టిలో చెప్పులతో సహా కాళ్లు ముంచి నిలబడింది. నీళ్లు మోకాళ్ల కింద మండుతున్నాయి. ఏడవాలనుకుంది గాని ఏడుపు రాలేదు. లోపల కొమ్మలు మోస్తూ భర్త ఆగిపోయి చూస్తున్నాడు. ఆమె గొలుసు కింద నుంచి వంగి లోపలికి వచ్చింది. అతను దగ్గరికి వచ్చాడు. సగం కొమ్మలు ఆమె భుజానికి మార్చబోయి, ఆగి, అన్నీ తనే మోసుకుపోయాడు.

గొలుసు తీసే రోజు రానే వచ్చింది. బావ ట్రాలీ ఆటో తెచ్చాడు, అక్క ముందు సీట్లో కూర్చుంది. చిట్టి మంచం కింది సంచీ తీసి, మీది దుమ్ము దులిపి, బయటికి వచ్చేసరికి ఆటో వెనక అత్తగారు కూర్చుని ఉంది. ఒళ్లో చిన్న మూట. తల దువ్వుకుని, పెట్టెలో దాచుకున్న చీర కట్టుకుంది.

"ఎక్కడికత్తయ్యా?"

"మా తమ్ముడి ఇంటికి. దారిలో దింపెయ్యండి."

"అమ్మా!" అన్నాడు గడ్డి మాస్టారు. చంకలో గొర్రెపిల్ల, చేతిలో సీసా.

"ఏరా, నేర్చుకున్నావుగా? పిల్ల మెడ అంత ఎత్తకు, పొరపోతుంది" అని ఆవిడ బావ వీపు తట్టింది. "పోనీ నాయనా. ఎండెక్కుతోంది."

అతను గేటు దాకా వచ్చాడు. ఏదో అనబోయి, "పడమటి మడి ఎప్పుడు విప్పమంటావ్?" అన్నాడు చిట్టితో. ఆ సంగతి అతనికన్నా బాగా తెలిసినవాళ్లు లోకంలో లేరు.

"మీకే తెలుస్తుంది" అంది, ఆటో ఎక్కింది.

అక్క షాపు ఇరుకుగది. ఒకవైపు గుడ్డల బీరువా, ఒకవైపు రెండు మిషన్లు, మధ్యలో కస్టమర్లు కూర్చోవడానికి ఒక స్టూలు. మొదటి రోజుల్లో చిట్టి కూర్చున్న చోటే నిద్రపోయేది. అక్క లేపేది కాదు. తర్వాత మెల్లగా చెయ్యి కుదిరింది. పొద్దున్నే మెలకువ వచ్చి, కాళ్లు మంచం దించి, ఎక్కడికీ పోవక్కర్లేదని గుర్తొచ్చి అలాగే కూర్చునేది. ఆ కూర్చోవడంలో సుఖం ఎంతో, దిగులూ అంతే. అత్తగారు తమ్ముడి ఇంట్లో నాలుగు రోజులుండి తిరిగి వెళ్లిపోయిందని తెలిసింది. "పని లేకపోతే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదమ్మాయ్" అని ఫోనులో నవ్వింది. "కానీ మళ్లీ వెళ్తా. వాడికి చెప్పేశా, నెలకోసారి వెళ్తానని."

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం గడ్డి మాస్టారు షాపు ముందు నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, అది ఇప్పుడు కాస్త వదులుగా ఉంది. అక్క పని ఉన్నట్టు లేచి బయటికి పోయింది. అతను స్టూలు మీద కూర్చుని చుట్టూ చూశాడు.

"మందెక్కడ?" అంది చిట్టి. నోట్లోంచి వచ్చిన మొదటి మాట అదే అయినందుకు తన మీద తనకే చిరాకేసింది.

"పెద్దాయన చూస్తున్నాడు, పక్క చేను ఆయన. ఖాళీగా కూర్చోలేక రోజూ వస్తున్నాడు. మందని సగానికి తగ్గించాను. ఆడగొర్రెలు కొన్ని ఆయనకే ఇచ్చాను, మళ్లీ మొదలెట్టుకుంటాడని. ఆయనో రోజు, నేనో రోజు మడి మారుస్తున్నాం." ఆగి, "నీకోసం కాదులే. నేల అంతకన్నా మొయ్యలేదు" అన్నాడు.

"నేనేమన్నానండీ?" అంది. అతను మొహం తిప్పుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"వస్తావా?"

చిట్టి మిషన్ చక్రం మీద చెయ్యి పెట్టింది. కుట్టాల్సిన జాకెట్టు సూది కింద సగంలో ఆగి ఉంది.

"ఈనే కాలానికి వస్తాను. అవి ఈనడం అయిపోగానే వచ్చేస్తాను. మళ్లీ ఇక్కడికే."

"ఏటా?"

"ఈ ఏడు చూద్దాం."

అది అతను కోరుకున్నది కాదని మొహమే చెప్పింది. అయినా తలూపాడు. పెద్దపెద్ద చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, షాపులో కూర్చోవడం చేతకానివాడిలా కూర్చున్నాడు. అక్క టీ పంపించింది. గ్లాసు సగమైనా తాగకుండానే గోడ మీది గడియారం వైపు చూశాడు. ఇంకోసారి చూశాడు.

"పిల్లలకి పాలవేళ అవుతోంది. పెద్దాయనకి సీసా పట్టడం రాదు. మరీ ఎత్తి పడతాడు" అన్నాడు.

చిట్టి అతనితో పాటు వీధి చివరి దాకా నడిచింది. అతను వచ్చి గంటైనా కాలేదు. బస్సు అప్పటికే కదులుతోంది. అతను ఆమెకు చెయ్యి ఊపబోయి, బస్సు దాటిపోతుందేమోనని పరుగెత్తి, కమ్మీ పట్టుకుని ఎక్కేశాడు. ఆమె అక్కడే నిలబడి, బస్సు మలుపు తిరిగేదాకా చూసింది. అయ్యో పాపం అనిపించింది. ఆ పాపం తన నెత్తికెక్కకముందే వెనుదిరిగి షాపుకి వెళ్లిపోయింది.